వయా

మా ఆఫీసు టైప్ మిషన్‌లో 'ఆర్' అక్షరం
వరసలో నిలబడేది కాదు, కాస్త ఎగిరి పడేది.
అందుకే 'డైరెక్ట్' అన్న మాట
నేను కొట్టిన ప్రతి ఉత్తరంలోనూ
ఎక్కిళ్ళు పట్టినట్టు ఉండేది.

ఇరవై ఆరో సంవత్సరం, కార్క్ రేవు.
లీ నది మంచు కిటికీ అద్దం మీద
తడిగుడ్డ ఆరేసినట్టు.
సెక్రటరీ బార్తలమ్యూ లూసీ గారు
చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ చెప్పేవారు:
"అయ్యా, మా రేవు లోతు ఇంత, క్రేన్లు ఇన్ని,
రుసుము ఇంత తగ్గించాం,
మీ ఓడ నేరుగా మా దగ్గరికే రావచ్చు."
మాంట్రియల్‌కి, బోర్డోకి, రోసారియోకి,
నాకు నోరు తిరగని ఇంకా ఎన్నో రేవులకి.

ధాన్యం ఓడ మా నదీముఖం ముందునుంచే పోయేది.
కొండమీద పిల్లలు దాని పొగగొట్టాలు లెక్కపెట్టేవాళ్ళు.
పోయి పోయి లివర్‌పూల్లో దిగేది.
అక్కడ గోదాము అద్దె, దళారీ వాటా,
ఇంకో చిన్న ఓడ, ఇంకో కూలి,
అన్నీ నెత్తికెత్తుకుని మళ్ళీ మా గుమ్మంలోకి.
ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించడం
నేను పుట్టకముందు నుంచీ మా ఊరి వ్యాపారం.

జవాబులు వచ్చేవి. మంచి కాగితం, మంచి మర్యాద.
"తమరి లేఖ అందినది. తిరుగు ప్రయాణానికి
ఏ సరుకు ఇవ్వగలరో తెలుపగలరు."
లూసీ గారు ఆరోజు టీ తాగలేదు.

నమూనాల పెట్టె సర్దాం.
జానెడు ఉన్నిగుడ్డ, వెన్న డబ్బా, ఓట్‌పిండి సంచి.
గుడ్డు దారిలో పగులుతుందని
కోళ్ళని మాయచేసే పింగాణీ గుడ్డొకటి.
బోర్డో నుంచి రాశారు:
"గుడ్డు దివ్యంగా ఉన్నది, కాస్త గట్టి."
లూసీ గారికి తప్ప అందరికీ నవ్వొచ్చింది.

పదకొండు వందల నలభై ఉత్తరాల తర్వాత
ఒక మార్చి ఉదయం వచ్చింది హల్వార్డ్,
నార్వే ఓడ, రోసారియో మొక్కజొన్న.
ఒడ్డున బ్యాండు. పెద్దల టోపీలు.
ఓడ ఒళ్ళంతా తుప్పు. అయినా
మాకు పెళ్ళికూతురే.

లెక్కల గుమాస్తా కాన్ టూమీ
ఫారం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.
"ఇక్కడేం రాయమంటారు?"
'వయా లివర్‌పూల్' అని అచ్చయి ఉంది.
ఇరవై ఏళ్ళుగా అచ్చయ్యే ఉంది.
ప్రపంచానికంతా ఉత్తరాలు రాసినవాళ్ళం,
మా బల్లమీది కాగితం చదువుకోలేదు.
లూసీ గారి చెవులు ఎర్రబడ్డాయి.
కలం నేనే లాక్కుని అడ్డంగా గీత గీశాను.
పాళీ పట్టేసి పెద్ద మచ్చ పడింది.

సాయంత్రం కెప్టెన్ అడిగాడు, మరి నాకేమిస్తారని.
నలభై పెట్టెల వెన్న పెట్టాం.
ఓడ తూలకుండా మిగతా కడుపంతా
నది ఒడ్డు రాళ్ళతో నింపాం.
అలా మేం నేరుగా పంపిన మొదటి సరుకు రాళ్ళు.

మా పక్కింటి హానోరా హెగర్టీ
కోళ్ళకి జొన్నపిండి కలుపుతూ అడిగింది,
ధరేమైనా తగ్గిందా జూలియా?
అర పెన్నీ, అన్నాను.
"అర పెన్నీకి బ్యాండుమేళమా!"
తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తెలీదు.
కోళ్ళు మాత్రం మామూలుగానే తిన్నాయి.

పాత ఫారాలు ఆరువేలు మిగిలాయి, పారేస్తే దండగ.
ఖాళీ దొరికినప్పుడల్లా గీతలు గీసి పెట్టుకున్నాను,
ముందుచూపుతో, ఆరువందలదాకా.

హల్వార్డ్ ఇంకో మూడుసార్లు వచ్చింది.
తర్వాత ప్రపంచంలో ధరలు పడిపోయాయి.
రోసారియో వాళ్ళు మర్యాదగా మానేశారు.

ముప్ఫై ఒకటి శీతాకాలంలో
టీ వచ్చింది, ఎప్పటిలాగే, ఎప్పటి దారిన.
గీత గీసిన ఫారం తీసి
కొట్టేసిన మాట పైన, ఉన్న కొద్ది చోటులో,
అదే మాట మళ్ళీ చేత్తో రాశాను.